నోరు తెరిస్తే వినిపించే గుండె

మొన్న మధ్యాహ్నం పని మధ్యలో కరెంటు పోయింది. గుణదలలో మాది చిన్న పళ్ళ ఆసుపత్రి. ఏసీ ఆగింది, వెనక వరండాలో పొద్దస్తమానం రొద పెట్టే కంప్రెసర్ ఆగింది, ఇన్వర్టరు కూడా సరిగ్గా అదే సమయానికి మొరాయించింది. కుర్చీలో వెనక్కి వాలి ఉన్న పెద్దాయన నోరు తెరిచే ఉంచారు. నేను చేతిలో అద్దం పట్టుకుని అలాగే ఆగిపోయాను. వీధిలో ఎవరో స్కూటరుకు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది, ఆ తర్వాత అదీ లేదు. అప్పుడు మొదలైంది. టిక్, టిక్, టిక్. మా గోడ గడియారం కాదు, దాని బ్యాటరీ అయిపోయి ఎన్నాళ్ళయిందో నాకే తెలియదు. ఆ శబ్దం ఆయన నోట్లోంచి వస్తోంది. పెదాలు మూస్తే తగ్గుతుంది, తెరిస్తే పెరుగుతుంది. గుండెలో లోహపు వాల్వు వేయించుకున్న మనిషి నిశ్శబ్దంగా ఉన్న గదిలో నోరు తెరిస్తే, ఒక్కోసారి ఆ వాల్వు కొట్టుకునే చప్పుడు ఇలా బయటికి వినిపిస్తుంది. ఈ సంగతి నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. డాక్టర్ దయామణి గారి దగ్గర నేర్చుకున్నాను. కుర్చీలో ఉన్న పెద్దాయన ఎవరో తర్వాత చెబుతాను. ముందు ఆవిడ గురించి చెప్పాలి. ఆవిడ లేకపోతే ఈ పెద్దాయనా లేరు, ఇలా అద్దం పట్టుకుని నిలబడడానికి నేనూ ఇక్కడ ఉండేదాన్ని కాను.

ఈ క్లినిక్ పెట్టింది దయామణి గారే. నేను బీడీఎస్ పూర్తి చేసి, ఉద్యోగం కోసం విజయవాడలో కనిపించిన ప్రతి పళ్ళ ఆసుపత్రి మెట్లూ ఎక్కి దిగి, ఇక ఉయ్యూరు దగ్గర మా ఊరెళ్ళి నాన్నతో పాటు చెరుకు తోటకు కాపలా కూర్చోవడమే మిగిలిందనుకుంటున్న రోజుల్లో ఆవిడ దగ్గరికి వచ్చాను. పొట్టి మనిషి. గంజి పెట్టిన నేత చీర, మెళ్ళో సన్నటి గొలుసుకు చిన్న సిలువ. సర్టిఫికెట్లన్నీ ఫైల్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను. ఆవిడ ఫైలు ముట్టుకోలేదు. లేచి ఫ్యాను ఆపేసి, వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"ఏం వినపడుతోందమ్మా?" అన్నారు.

ఇదేం ఇంటర్వ్యూ అనుకుంటూనే చెవులు రిక్కించాను. "దూరంగా రైలు. పక్కింట్లో కుక్కరు. ఇంకా, గడియారమండి."

"గడియారం ఎక్కడుంది?"

చుట్టూ చూశాను. గోడ మీద లేదు. ఆవిడ చేతికీ లేదు. "మీ హ్యాండ్‌బ్యాగులో ఉందేమోనండి" అన్నాను.

ఆవిడ నవ్వారు. "దగ్గరికొచ్చావు. రేపటి నుంచి రా వసుధా" అన్నారు. నా పేరు ఫైలు పైన రాసి ఉంది, అంతవరకు చదివారన్నమాట. ఆ గడియారం ఎక్కడుందో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఉద్యోగం వచ్చిన సంతోషంలో మనిషికి ప్రశ్నలు గుర్తుకు రావు.

ఆవిడ దగ్గర పని చేసే పద్ధతి వేరు. కొత్త పేషెంటు వచ్చి కుర్చీలో కూర్చోగానే కంప్రెసర్ ఆపించేవారు, ఫ్యాను ఆపించేవారు. మే నెల విజయవాడ ఎండల్లో ఫ్యాను ఆపడమంటే మాటలు కాదు. ఆ ఉక్కలో పేషెంటు మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చునేవారు. ఆ తర్వాత గోళ్ళు చూసేవారు, కింది కంటిరెప్ప లాగి చూసేవారు, ఏమేం మందులు వాడుతున్నారో అడిగేవారు. నోరు తెరవమనడం ఆఖరి మాట. మెళ్ళో సిలువ చూసి చాలామంది ఆవిడ ప్రార్థన చేస్తున్నారనుకునేవారు. నుదుట బొట్టు, విభూది ఉన్నవాళ్ళు కూడా తలవంచుకుని చేతులు జోడించి కూర్చునేవారు. ఒకసారి కానూరు నుంచి వచ్చిన ఒక రైతు మాత్రం ఉండబట్టలేక, "నోరు చూడమంటే చెయ్యి చూస్తారేంటండి, జాతకం కూడా చెప్తారా?" అన్నాడు. "చెప్తానండి. మీకు షుగరుంది, మీకు తెలీదు" అన్నారావిడ కళ్ళు తెరవకుండానే. ఆయన చిగుళ్ళ వాపు, ఊపిరి వాసన, కూర్చున్న కాసేపట్లో మూడుసార్లు మంచినీళ్ళు అడగడం, అన్నీ అప్పటికే చూసేశారు. పరీక్ష చేయిస్తే నిజంగానే ఉంది. ఆ రైతు తర్వాత ఊరంతా ఆవిడకు మహిమలున్నాయని చాటాడు. ఆవిడకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది.

చేరిన కొన్ని నెలలకు ఒక ఉదయం, పేషెంట్లు ఇంకా రాకముందే, ఆవిడే వెళ్ళి కుర్చీలో పడుకున్నారు. "ఈరోజు మొదటి పేషెంటును నేనే. క్లీనింగ్ చెయ్యి. గంట కిందట మాత్ర వేసుకున్నా" అన్నారు. ఏం మాత్ర, ఎందుకు అని అడుగుతుండగానే నోరు తెరిచారు. టిక్, టిక్, టిక్. నా ఎదురుగా, అద్దానికి జానెడు దూరంలో, ఆవిడ నాలుక వెనక నుంచి వస్తోంది ఆ గడియారం. నేను అద్దం వెనక్కి లాక్కున్నాను. ఒక మనిషి నోట్లోకి చూస్తూ ఆ మనిషి గుండెను వినడం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇప్పటికీ నాకు సరైన మాటలు లేవు. గుళ్ళో గర్భగుడి తలుపు తీసినప్పుడు మాట ఆగిపోతుందే, అలా ఆగిపోయింది నాకు. ఆవిడ కళ్ళెత్తి నన్ను చూసి, నోరు మూసి లేచి కూర్చున్నారు.

"భయపడకు. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి పోయేది. ఆ తర్వాత కీళ్ళు వాచేవి. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు బళ్ళు తోలేవాడు మా నాన్న. గొంతునొప్పి గుండెదాకా పోతుందని ఎవరికి తెలుసు? తెలిసేటప్పటికి వాల్వు పాడైపోయింది. పంతొమ్మిదేళ్ళకి మద్రాసు తీసుకెళ్ళారు, గుండె కోయించడానికి. అక్కడ పెద్ద డాక్టరు అన్నీ చూసి ఏమన్నాడో తెలుసా? ముందు పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి నోరు బాగు చేయించుకు రా, అప్పుడు కోస్తా అన్నాడు. మా నాన్నకి కోపమొచ్చింది. గుండె జబ్బని ఇంత దూరం వస్తే పళ్ళంటాడేంటి అన్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదమ్మా. నోటికీ గుండెకీ మధ్య ఏదో దారి ఉంది, అది ఆయనకి తెలుసు, నాకు తెలీదు. అది తెలుసుకోవాలనే ఈ చదువుకొచ్చా."

ఆ మాట చెప్పి మళ్ళీ పడుకున్నారు. "చిగుళ్ళు బాగోకపోతే అక్కడి సూక్ష్మక్రిములు రక్తంలోకి దిగుతాయి. మామూలు గుండె అయితే వాటిని కడిగేసుకుంటుంది. నా వాల్వు మీద ఒక్కటి అతుక్కున్నా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మాత్ర, అందుకే మూడు నెలలకోసారి ఇది. ఇన్నాళ్ళూ నా స్నేహితురాలు చేసేది, ఆవిడ హైదరాబాదు వెళ్ళిపోయింది. ఇకపైన నువ్వే" అన్నారు. అప్పటికి నేను చదువు ముగించి ఏడాది కూడా కాలేదు. ఇన్ని క్లినిక్కులున్న ఊళ్ళో ఆవిడ తన నోరు, అంటే తన ప్రాణం, తెచ్చి నా చేతుల్లో పెట్టారు. ఆ రోజు నేను పని చేసినంత జాగ్రత్తగా ఆ తర్వాత ఎన్నడూ చేసి ఉండను. చిగురంచున ఒక్క చుక్క రక్తం కనిపిస్తే పని ఆపి దూది అద్దేదాన్ని. చెవిలో మాత్రం ఆవిడ గుండె నిదానంగా, తన పని తాను చేసుకుంటూ, టిక్కుమంటూనే ఉంది.

చిగుళ్ళ జబ్బు గురించి ఆవిడ నాకు చెప్పిన పాఠం పుస్తకంలో ఉన్నదే, కానీ చెప్పిన తీరు వేరు. మాది రైతు కుటుంబమని తెలుసు కనుక, "మీ నాన్న చెరుకుకు నీళ్ళు పెట్టేటప్పుడు గట్టు మీద దేనికోసం చూస్తాడు?" అని అడిగారు. "ఎలక బొక్కల కోసమండి. పైకి గట్టు బాగానే ఉంటుంది. లోపల బొక్క ఉంటే తెల్లారేసరికి నీళ్ళన్నీ పక్క చేలోకి పోతాయి" అన్నాను. "చిగురంటే అదే. పంటికీ చిగురుకీ మధ్య గట్టు గట్టిగా ఉన్నన్నాళ్ళు నోట్లోది నోట్లోనే ఉంటుంది. బొక్క పడిందా, తిన్న ప్రతిసారీ, నమిలిన ప్రతిసారీ కాస్త కాస్త రక్తంలోకి దిగుతూనే ఉంటుంది. నొప్పి ఉండదు. నోరంతా అట్లా చెడిపోయినవాళ్ళకి ఆ లోపలి పుళ్ళన్నీ కలిపితే అరచేయంత కావచ్చు. అరచేతి మీద అంత పుండుంటే ఊరుకుంటారా? నోట్లో ఉంది కాబట్టి ఏళ్ళకేళ్ళు మోస్తారు." అది విన్నాక నాకు మా ఊరి వాళ్ళందరి నోళ్ళూ కళ్ళ ముందు కదిలాయి. ఆదివారం ఇంటికెళ్ళి నాన్నను పట్టుకుని నోరు తెరిపించాను. "నువ్వు చదివింది నా మీదేనా ప్రయోగం?" అని ఆయన విసుక్కున్నారు, కానీ తెరిచారు.

ఇంత చెప్పే మనిషి, తెలిసినదాని కంటే ఒక్క మాట ఎక్కువ చెప్పేవారు కాదు. ఒకసారి నోరు పుక్కిలించే మందు అమ్మే కంపెనీ కుర్రాడొకడు పెద్ద రంగుల పోస్టరు తెచ్చాడు. ఎర్రటి గుండె బొమ్మ, పక్కన రక్తం కారే చిగురు, కింద 'చిగుళ్ళ జబ్బు గుండెపోటు తెస్తుంది' అని ఇంత లావు అక్షరాలు. గోడకు అంటిస్తే పేషెంట్లు పెరుగుతారని సలహా కూడా ఇచ్చాడు. ఆవిడ పోస్టరును శ్రద్ధగా చూసి మళ్ళీ చుట్టేసి అతని చేతికే ఇచ్చారు.

"తెస్తుందని నీకెవరు చెప్పారు బాబూ?"

"అదేంటి మేడం, గుండె నాళాల్లో పేరుకున్న కొవ్వులో చిగుళ్ళ క్రిములు దొరికాయట కదండి."

"దొరికాయి. చిగుళ్ళు బాగోని వాళ్ళలో గుండెజబ్బులు ఎక్కువ కనపడుతున్న మాటా నిజమే. కానీ దొంగతనం జరిగిన ఇంట్లో ఒకడు కనపడ్డాడని వాడే దొంగని ఎట్లా అంటాం? వాడు దారినపోతూ దూరి ఉండొచ్చు. సిగరెట్లు, షుగరు, ఇవి రెండు చోట్లా పాడుచేస్తాయి, అసలు దొంగలు వాళ్ళే అయ్యుండొచ్చు. వీడు కూడా చెయ్యి వేసి ఉండొచ్చు. వాడా ఇంటికి ఎట్లా వచ్చాడని అడక్కుండా మాత్రం ఉండలేం. అడుగుతున్నారు, ఇంకా తేలలేదు. నాలాంటి వాల్వు వాళ్ళ సంగతి వేరు, అక్కడ అనుమానం లేదు. మిగతావాళ్ళని భయపెట్టి పళ్ళు తోమించడం నాకిష్టం లేదు."

కుర్రాడు వెళ్ళిపోయాక నేను, భయపడితేనైనా తోముకుంటారు కదండి అన్నాను. "ఇవాళ నువ్వు చెప్పింది అబద్ధమని రేపు తేలితే, ఎల్లుండి నువ్వు నిజం చెప్పినా వినరమ్మా" అన్నారు. ఆ తర్వాత కిటికీ వైపు చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు, "అయినా ఎంత చిత్రం. పంటి మొదట్లో పుట్టి పెరిగింది వెళ్ళి గుండె నాళంలో ఇల్లు కట్టుకోవడం. ఎట్లా పోయిందో, దారిలో ఏమేం చూసిందో" అన్నారు. నలభై ఏళ్ళు అదే పని చేసిన మనిషికి ఆ ఆశ్చర్యం అరగలేదు. నాకు ఆవిడ మీద భక్తి కుదిరింది ఆ క్షణంలోనే అనుకుంటాను.

ఇక సుబ్బారావు గారి సంగతి. ఆ ఏడు మేరీమాత తిరునాళ్ళ అయిపోయిన వారం. గుణదల కొండ కింద దుకాణాలు ఇంకా పూర్తిగా ఎత్తలేదు, రోడ్డంతా రంగు కాగితాలు. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి బిగించే మెకానిక్ ఆయన. యాభై దాటిన మనిషి, చేతులు గ్రీజుతో నల్లగా ఉన్నాయి. వెంట భార్య కోటేశ్వరమ్మ గారు వచ్చారు. నాలుగైదేళ్ళ కిందట గుండెకు లోహపు వాల్వు వేయించుకున్నానని ఆయన తలుపు దగ్గరే చెప్పేశారు.

"పన్ను కదులుతోందండి. పీకేయండి, ఓ పనైపోద్ది. ఇంజన్ హెడ్డు విప్పి పెట్టొచ్చా, బండాయన షెడ్డులోనే కూర్చున్నాడు" అన్నారు.

దయామణి గారు మణికట్టు పట్టుకున్నారు. "జ్వరం ఎన్నాళ్ళ నుంచండి?"

"జ్వరమంటే జ్వరం కాదండి. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడద్ది. టైఫాయిడ్ అన్నారు, మందులు వాడా. తగ్గుద్ది, మళ్ళీ వస్తది."

"పళ్ళు తోముకుంటున్నారా?"

దానికి కోటేశ్వరమ్మ గారు జవాబిచ్చారు. "ఎక్కడండి, బ్రష్షు ముట్టుకుని ఆర్నెల్లయింది. రక్తం పలచబడే బిళ్ళలు వేసుకుంటాడు గదండీ, బ్రష్షు పెడితే చాలు నోరంతా రక్తమే. మనిషే సగమయ్యాడు, ఉన్న కాస్త రక్తం ఇట్టా పోతే ఎట్టా అని నేనే మానిపించా. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాడు, అంతే."

దయామణి గారు నాకు కళ్ళతో సైగ చేశారు. కంప్రెసర్ ఆపాను, ఫ్యాను ఆపాను. ఆయన్ను నోరు తెరవమన్నారు. చిగుళ్ళు ఉబ్బి ఊదారంగుకు తిరిగాయి, కదిలే పంటి పక్క నుంచి చీము కనిపిస్తోంది. ఆవిడ అది చూడడం లేదు. చెవి ఆయన నోటి దగ్గరికి తెచ్చి, కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత నన్ను పిలిచారు. నేనూ వంగాను. ఉండాల్సిన టిక్కు లేదు. గుడ్డ చుట్టి కొట్టిన సుత్తి చప్పుడులా, ఎక్కడో లోతున, ఏదో మందంగా కదులుతోంది.

"ఆ చప్పుడు కోసమా అండి?" అన్నారు కోటేశ్వరమ్మ గారు, మా ఇద్దరినీ చూసి. ఆవిడ మొహంలో సంతోషం. "మొదట్లో నాకు నిద్రే పట్టేది కాదండి, పక్కన గడియారం పెట్టుకుని పడుకున్నట్టే ఉండేది. రెండు వారాల్నుంచి తగ్గిపోయింది. మనిషికి గుణం కనపడిందని మొన్న కొండెక్కి మేరీమాతకి కొవ్వొత్తి వెలిగించి, కొబ్బరికాయ కొట్టొచ్చా."

ఆమె దేనికి మొక్కు తీర్చుకున్నారో నాకు అర్థమైంది, ఆమెకు కాలేదు. దయామణి గారు స్పిరిట్‌తో దూది తడిపి, సుబ్బారావు గారి గోళ్ళు ఒక్కొక్కటిగా తుడిచారు. గ్రీజు పోయాక గోళ్ళ కింద సన్నటి ఎర్రటి గీతలు కనిపించాయి, పుల్ల గుచ్చుకున్నట్టు. గుండెకు క్రిములు పట్టినవాళ్ళలో కనిపించే గీతలవి. ఆవిడ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"సుబ్బారావు గారూ, ఇవాళ పన్ను పీకను. మీరు ఇప్పుడే గుండె ఆసుపత్రికి వెళ్ళాలి."

"గుండెకేమైందండి? గుండె బాగానే ఉంది. పంటి కోసం గదా వచ్చా. మీరు పీకకపోతే చెప్పండి, ఇంకో చోటికి పోతా" అని ఆయన లేవబోయారు. ఆ ఒక్క మాటతో ఆయన బయటికి వెళ్ళిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంకో చోట పన్ను పీకించుకుంటారు, షెడ్డుకు వెళతారు, ఆ తర్వాత ఏ రోజైనా కావచ్చు. ఆవిడ గొంతు పెంచలేదు.

"ఒక్క మాట అడుగుతా, చెప్పి వెళ్ళండి. మీ షెడ్డుకి లారీ వచ్చింది. ఇంజన్లో వాల్వులను తట్టే ట్యాపెట్ల చప్పుడు మారింది, మీ చెవికి తెలుస్తోంది. ఓనరు మాత్రం, అదంతా ఎందుకు, ముందు పగిలిన అద్దం మార్చు, లోడుతో హైదరాబాదు పోవాలి అంటున్నాడు. ఏం చేస్తారు?"

ఆయన నిలబడిపోయారు. "చప్పుడు మారితే బండి కదలనివ్వనండి. హెడ్డు విప్పుతా. వాల్వు మీద మసి పట్టి ఉంటది."

"ఇప్పుడు నాది వినండి" అని ఆవిడ నోరు తెరిచారు. స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజన్‌కు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని ఇంజన్ జబ్బు చెప్పే మనిషి ఆయన. వంగి విన్నారు. చాలా శ్రద్ధగా విన్నారు. ఆయన మొహంలో మొండితనం పోయి ఇంకేదో వచ్చింది.

"మీగ్గూడా ఉందా అండి?"

"మీకన్నా పాత మోడలు. నోరు తెరిస్తే మీకూ ఇట్లాగే వినపడాలి. వినపడట్లేదు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. భార్య వైపు చూసి, "సరే, పదండమ్మా" అన్నారు. దయామణి గారు ముందే ఆసుపత్రికి ఫోను చేసి, క్లినిక్ నాకు వదిలేసి, వాళ్ళతో పాటు ఆటో ఎక్కి వెళ్ళారు. మిగిలిన పేషెంట్లను ఆ రోజు నేనే చూశాను. ప్రతి నోట్లోనూ ఆ మందమైన చప్పుడే వినిపించినట్టయింది నాకు.

రక్తపరీక్షలో పెరిగినవి నోట్లో కాపురముండే క్రిములే. వాల్వు చుట్టూ గూడు కట్టి, అది తెరుచుకోకుండా పట్టేశాయి. వారాల తరబడి సూదిమందు ఎక్కించారు, మధ్యలో మళ్ళీ కోసి వాల్వు మార్చారు. రెండుసార్లు ఆశ వదులుకున్నారట. దయామణి గారు క్లినిక్ మూసిన ప్రతి సాయంత్రం అక్కడికి వెళ్ళేవారు, నేనూ కొన్నిసార్లు వెళ్ళాను. ఐసీయూ బయట బల్ల మీద కోటేశ్వరమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేవారు. "నేనే గదండీ మానిపించింది. చప్పుడు తగ్గితే సంబరపడింది కూడా నేనే" అని ఒకటే మాట. దయామణి గారు పక్కన కూర్చుని, "మీరు ఆయన రక్తం ఒక్క చుక్క కూడా పోకూడదని చూసుకున్నారు. రక్తం కారితే బ్రష్షు మానకూడదు, డాక్టరు దగ్గరికి రావాలని మీకు చెప్పాల్సింది మేము. చెప్పలేదు" అన్నారు. ఓదార్చడానికి అన్న మాట కాదది, ఆవిడ నిజంగానే అలా అనుకున్నారు. వాల్వు వేయించుకుని ఇంటికెళ్ళే వాళ్ళందరికీ మెత్తటి బ్రష్షు ఎలా పట్టుకోవాలో చూపించడానికి మర్నాడే ఆ ఆసుపత్రి వాళ్ళను అడిగి అనుమతి తీసుకున్నారు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ వారానికో పూట వెళ్ళారు. ఇప్పుడు నేను వెళుతున్నాను.

సుబ్బారావు గారు ఎండలు ముదిరాక మా క్లినిక్‌కు నడిచి వచ్చారు. చిక్కిపోయారు, చొక్కా వేలాడుతోంది. కూర్చోగానే తనే ఫ్యాను వైపు చూపించి, "ఆపండమ్మా" అన్నారు. నోరు తెరిచారు. కొత్త వాల్వు, గట్టిగా, ఖణీమని, టిక్, టిక్, టిక్. దయామణి గారు చెవి దగ్గరికి కూడా తేలేదు, నిలబడే విన్నారు. ఆవిడ కళ్ళు చెమర్చడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నాకు మళ్ళీ నిద్ర పట్టట్లేదండి" అన్నారు కోటేశ్వరమ్మ గారు. అని నవ్వబోయి, నవ్వలేక, కొంగుతో మొహం కప్పుకున్నారు. అప్పటి నుంచి ఆయన మూడు నెలలకోసారి వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ దయామణి గారూ ఆయనా ముందు ఒకరి చప్పుడు ఒకరు వినేవారు. "మీ పాత మోడలే నయమండి, నింపాదిగా ఉంది" అనేవారాయన. చూసే వాళ్ళకు ఇద్దరు పెద్ద మనుషులు నోళ్ళు తెరుచుకుని ఎదురెదురుగా కూర్చోవడం నవ్వులాటగా ఉండేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

దయామణి గారు పోయి మూడేళ్ళవుతోంది. చివరి చలికాలంలో ఊపిరితిత్తులకు నిమ్ము చేసి, కోలుకోలేకపోయారు. ఇంట్లో హాల్లో పడుకోబెట్టారు. సంఘం వాళ్ళు పాట పాడారు, పాస్టరు గారు వాక్యం చదివారు, ఆ తర్వాత అందరూ తలలు వంచుకున్నారు. ఆ నిశ్శబ్దంలో నేను నాకు తెలియకుండానే ఆవిడ మొహం మీదికి వంగాను. ఇన్నేళ్ళ అలవాటు. ఏమీ లేదు. అంతలో ఆ గదిలో టిక్, టిక్ అని వినిపించింది. అందరూ తలలెత్తి చూశారు. నా వెనక సుబ్బారావు గారు నిలబడి ఉన్నారు, ఏడుపు ఆపుకోలేక నోరు కాస్త తెరుచుకుని. అందరూ చూస్తున్నారని గ్రహించి ఆయన గబుక్కున పెదాలు బిగించి, తప్పు చేసినవాడిలా గుండె మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నేను ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను. ఆవిడ ఉండి ఉంటే అదే చేసేవారు.

ఇప్పుడు క్లినిక్ నాది. కొత్త పేషెంటు రాగానే ఫ్యాను ఆపుతాను, మణికట్టు పట్టుకుంటాను. నాకు మెళ్ళో సిలువ లేకపోయినా జనం చేతులు జోడిస్తూనే ఉన్నారు. గుండెపోటు వస్తుందని ఎవరినీ భయపెట్టను. తెలిసినంతే చెబుతాను, తెలియనిది తెలియదంటాను, తెలియని దాని గురించి ఆశ్చర్యపోవడం మాత్రం మానలేదు. అంత చిన్న నోరు, అందులో కంటికి కనిపించని ఆ ప్రాణులు, అక్కడి నుంచి గుండె దాకా ఆ దారి. ఆవిడ నాకు అప్పగించింది ఈ ఆశ్చర్యమే అనిపిస్తుంది.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు కుర్చీలో ఉన్న పెద్దాయన సుబ్బారావు గారే. నేను అద్దం పట్టుకుని కదలకుండా నిలబడడం చూసి, "వినపడుతోందా అమ్మా?" అన్నారు.

"వినపడుతోందండి."

"ఎట్టా ఉంది?"

"ఖణీమని ఉంది."

ఆయన తృప్తిగా మళ్ళీ నోరు తెరిచారు. అంతలో కరెంటు వచ్చింది. లైటు వెలిగింది, వెనక వరండాలో కంప్రెసర్ ఒక్కసారిగా రొద అందుకుంది. నేను వెళ్ళి స్విచ్ ఆపేసి వచ్చాను.

"కరెంటొచ్చింది గదమ్మా" అన్నారాయన.

"వచ్చిందండి. మూయకండి, ఇంకొక్క నిమిషం" అన్నాను.